పటిక నీళ్ళు తగలని పావడా

పోయిన వారం మిమ్మల్ని కాంకర్డియా థియేటర్ గ్రీన్‌రూమ్ గుమ్మంలో నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. అందుకు క్షమాపణ మాత్రం చెప్పను. ఈ వారం ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు బ్రిజిడ్ హోలోహన్. ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు బల్లారట్‌లో ఆ థియేటర్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టడం, ఉతకడం, కట్టించడం నా పని. టామ్సిన్ పెన్‌రోజ్ మా కంపెనీ కథానాయిక. ఈస్టర్‌కి ముందు గురువారం, రెండో అంకంలో, రాణి వేషంలో సింహాసనం మీద కూర్చుని మాట్లాడుతున్న మనిషి వాక్యం మధ్యలో లేచి పక్క తెర వెనక్కి పరిగెత్తింది. మళ్ళీ రాలేదు. జనం ఈలలు వేశారు, బల్లలు తన్నారు. వాళ్ళకి కనిపించనిది నాకు కనిపించింది. పక్క తెర వెనక గ్యాస్ దీపం లిజీ హాకింగ్ పావడాకి అంటుకుంది. లిజీ మా డాన్సు పిల్లల్లో ఒకతె, పంతొమ్మిదేళ్ళది. పక్కనున్నవాళ్ళంతా కేకలు పెట్టి వెనక్కి జరిగారు. టామ్సిన్ ఒక్కతే తన రాణి శాలువా లాగి లిజీని చుట్టేసి, ఆ పిల్లతోపాటు నేల మీద పొర్లింది. మంట ఆరాక, ఈ థియేటర్, ఊళ్ళో గని రెండూ సొంతమైన డార్ట్‌నెల్ దొర బండి వెనక గుమ్మానికి వచ్చింది. దుప్పట్లో చుట్టి లిజీని అందులో ఎక్కించారు. ఎక్కడికని అడిగితే డాక్టరు దగ్గరికన్నారు. శుక్రవారం ఒకసారి, శనివారం ఒకసారి నేను ఆసుపత్రికి వెళ్ళి అడిగాను. కాలిన మనిషెవరూ రాలేదన్నాడు గేటు దగ్గరి మనిషి. ఆ శనివారమే ఊరి పత్రికలో పడింది: కథానాయిక తప్పతాగి స్టేజీ ఎక్కిందట, మాటలు మర్చిపోయి పారిపోయిందట.

ఇక సోమవారం సంగతి. ఈస్టర్ సెలవు. రెండు గంటలకి ఆట. ఒంటిగంటకే హాలు నిండిపోయింది. గని పనివాళ్ళు పెళ్ళాలతో, చంటిపిల్లలతో, మాంసం పెట్టి కాల్చిన పేస్టీలతో, నారింజపళ్ళతో దిగారు. నాటకం చూద్దామని వచ్చినవాళ్ళు సగమే. మిగిలినవాళ్ళు టామ్సిన్ తల దించుకుంటే చూద్దామని వచ్చారు.

మా దేశంలో అదొక రివాజు. నటుడు ప్రేక్షకుల మనసు నొప్పిస్తే తెర ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, క్షమించమని అడగాలి. అడిగేదాకా ఆట సాగనివ్వరు. జలుబు చేసి గొంతు పోయినందుకు ఒక ముసలి నటుడు క్షమాపణ చెప్పడం నా కళ్ళతో చూశాను. అది చాలక మోకాళ్ళ మీద చెప్పమన్నారు. చెప్పాడు పాపం. నిజంగా తప్పు చేసిన మేనేజర్ ఒక్కడైనా అలా నిలబడటం మాత్రం నా ఇరవై ఏళ్ళ సర్వీసులో చూడలేదు.

గ్రీన్‌రూమ్‌లో మా మేనేజర్ ఆగస్టస్ ఫెల్‌గేట్ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. మీసానికి నూనె రాసుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. టామ్సిన్ కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఆమె చేతులకి కట్టు మారుస్తున్నాను. అరచేతులు రెండూ పొక్కులు చిట్లి పచ్చిగా ఉన్నాయి.

"నాలుగంటే నాలుగు వాక్యాలు, మిస్ పెన్‌రోజ్," అన్నాడు ఫెల్‌గేట్. "చదివేసి, వంగి, లోపలికొచ్చెయ్యండి. సాయంత్రానికి అంతా మర్చిపోతారు."

"మీరే చదవండి, వింటాను."

ఫెల్‌గేట్ గొంతు సవరించుకున్నాడు. "'గురువారం నాడు ఒంట్లో నలతగా ఉండి, డాక్టరు చెప్పిన మోతాదుకి మించి బ్రాందీ పుచ్చుకున్న కారణంగా, ప్రేక్షక మహాశయుల పట్ల నావల్ల జరిగిన అమర్యాదకు...'"

"ఆపండి."

"బ్రాందీ కాదంటే వైన్ అని మారుస్తాను. మెత్తగా ఉంటుంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టామ్సిన్ తండ్రి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాడు, మెథడిస్టు ప్రార్థనాశాలలో ప్రసంగాలు చేసేవాడు. కూతురు నాటకాల్లో చేరిన రోజు ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. వెళ్ళగొడుతూ ఒక్కటే మాట తీసుకున్నాడు, జీవితంలో చుక్క ముట్టనని. ఆ మాట ఆమె పదకొండేళ్ళుగా నిలబెట్టుకుంది. స్టేజీ మీద తాగే సన్నివేశం ఉంటే గ్లాసులో చల్లారిన టీ పోసేదాన్ని నేనే.

"ఫెల్‌గేట్ గారూ," అంది టామ్సిన్. గొంతు పెంచలేదు. "లిజీ ఎక్కడుంది?"

"ఎన్నిసార్లు చెప్పాలి? గీలాంగ్‌లో, వాళ్ళ పిన్ని ఇంట్లో. కాస్త చర్మం కమిలింది, అంతే."

"కాస్త కమిలిందా! దాని మీద చెయ్యి వేసింది నేను. ఆ బట్ట నా చేతికి అంటుకుని వచ్చింది. దాంతోపాటు ఇంకేం వచ్చిందో చెప్పమంటారా?"

ఫెల్‌గేట్ మొహం అటు తిప్పుకున్నాడు. "చూడండి, మంట అన్న మాట బయటికొచ్చిందంటే మునిసిపాలిటీవాళ్ళు రేపే తాళం వేస్తారు. నలభైమంది పొట్ట కొట్టినట్టవుతుంది. ఇదుగో, ఈ బ్రిజిడ్ పొట్ట కూడా."

"నా పొట్ట మీద మీకంత దయ ఎప్పట్నించండీ?" అన్నాను నేను. ఉండబట్టలేకపోయాను.

"నువ్వు నోర్ముయ్. బట్టలుతుక్కునేదానివి," అని మళ్ళీ ఆమెవైపు తిరిగాడు. "చదవనంటే ఇవాళే కంపెనీలోంచి పొండి. నేను మెల్‌బోర్న్‌కి రాస్తాను, సిడ్నీకి రాస్తాను, హోబార్ట్‌కి రాస్తాను. తాగుబోతు, ఆట మధ్యలో లేచిపోతుందని రాస్తాను. ఆ పైన మీకోసం ఈ దేశంలో ఏ తెరా లేవదు. పదకొండేళ్ళు కష్టపడి ఈ స్థానానికి వచ్చారు. పోయి ఎవరింట్లో అంట్లు తోముతారో తోముకోండి."

వాడు రాస్తాడు. ఆ విషయం నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. మేనేజర్లంతా ఒకరి మాట ఒకరు నమ్ముతారు, మా మాట ఎవరూ నమ్మరు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్పకుండా దాటేస్తే ఫెల్‌గేట్‌కీ నాకూ తేడా ఉండదు. డాన్సు పిల్లలు కట్టేది పల్చటి మస్లిన్ పావడా. ఉతికాక పటిక నీళ్ళలో ముంచి ఆరేస్తే, నిప్పు తగిలినా అంతమేర నల్లగా మాడి ఊరుకుంటుంది, మంట లేవదు. మా పనివాళ్ళందరికీ తెలిసిన సంగతే. కానీ పటిక పట్టిన బట్టకి తెలుపు పోతుంది, అట్టలా బిగుసుకుంటుంది, తిరిగినప్పుడు గాలికి లేవదు. పిల్లలకి అదంటే పరమ అసహ్యం. "బ్రిజిడమ్మా, నాది మాత్రం ముంచకే, మురికి గుడ్డలా కనిపిస్తాను," అని లిజీయే నా మెడ పట్టుకుని గారాలు పోయేది. పైగా స్టేజీ పక్కన పెద్దలు కూర్చునే బాక్సులోంచి చూసే డార్ట్‌నెల్ దొరకి డాన్సు పిల్లల కాళ్ళు మసకగా కనిపిస్తున్నాయట. ఆ గ్యాస్ దీపాలు వేయించింది ఆయనే, ఆ భవనమూ ఆయనదే. అందుకని స్టేజీ అంచునా, పక్క తెరల వెనకా దీపాల ముందుండే తీగ వలలు పీకించేశాడు ఫెల్‌గేట్. పటిక కూడా మానెయ్యమన్నాడు. మానేశాను. ఏమవుతుందో తెలిసినదాన్ని, తెలిసే మానేశాను.

టామ్సిన్ కాసేపు కాగితంవైపు చూసింది. "ఇలా ఇవ్వండి," అంది.

ఫెల్‌గేట్ మొహం వెలిగిపోయింది. "అదీ! మీరు తెలివైనవారని నాకు తెలుసు. ఆ గ్లౌజులు వేసుకోండి, ఆ కట్లు కనపడకూడదు."

వాడు వెళ్ళాక టామ్సిన్ మొహం చూడకుండా గ్లౌజులు తొడగడం మొదలుపెట్టాను.

"ఏమిటక్కా, మూతి ముడుచుకున్నావు?" అంది.

"నాతో మాట్లాడకు. తాగానని చెప్పుకుంటావా? ఆ పిల్లని కాపాడి, పైగా తాగానని చెప్పుకుంటావా? మీ నాన్న పేపరు చదవడా?"

"చదువుతాడు. అక్షరం వదలడు."

"మరి?"

"గట్టిగా లాగు, ఆ వేలు సరిగ్గా పట్టలేదు," అంది. నొప్పికి పెదవి కొరుక్కుని లేచి వెళ్ళింది. నేను డాన్సు పిల్లల బట్టలు తగిలించిన చోట, పక్క తెర వెనక నిలబడ్డాను.

ఆమె తెర ముందుకి రాగానే లేచిన గోల అంతా ఇంతా కాదు. "సీసా ఎక్కడ పెట్టావే?" అని పై గ్యాలరీలోంచి ఒకడు. "నిలబడగలవా, కుర్చీ వెయ్యమంటావా?" అని ఇంకొకడు. నవ్వులు, ఈలలు. కుడిపక్క బాక్సులో డార్ట్‌నెల్ దొర, పక్కన ఆయన కూతురు ఎడిత్. దొర ఎవరికీ వినపడకుండా వేళ్ళతో చప్పట్లు కొడుతున్నాడు.

టామ్సిన్ కాగితం విప్పింది. హాలు సద్దుమణిగింది.

"దీన్ని ఫెల్‌గేట్ గారు రాశారు," అంది. "చాలా మంచి దస్తూరి. ఇందులో నేను బ్రాందీ తాగానని ఉంది. నేను తాగలేదు. నా జన్మలో తాగలేదు. గురువారం నేను లేచి పరిగెత్తింది లిజీ హాకింగ్ ఒంటికి నిప్పంటుకుంటే. ఈ దీపాలకి ఉండాల్సిన తీగ వలలు పీకేశారు. కావాలంటే ముందు వరసలో ఉన్నవాళ్ళు లేచి చూసుకోండి."

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. పళ్ళతో పట్టుకుని గ్లౌజులు లాగేసింది. కట్లు కూడా విప్పి రెండు చేతులూ దీపాల వెలుగులో చాచి చూపించింది. ముందు బల్లల మీది ఆడవాళ్ళు అబ్బా అన్నారు.

ఫెల్‌గేట్ తెర చాటునుంచి బయటికి ఉరికాడు. "అయ్యా! అమ్మా! తాగి పొయ్యి మీద పడింది! నేనే లేవదీశాను!"

ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉండి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

"అయితే ఆ పిల్లని చూపించండి!" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. "చూపించండి! చూపించండి!" అని అందరూ అందుకున్నారు.

డార్ట్‌నెల్ దొర లేచి నిలబడ్డాడు. చెయ్యెత్తగానే హాలంతా నిశ్శబ్దం. అక్కడ కూర్చున్న మగాళ్ళలో మూడోవంతు ఆయన గనిలో దిగేవాళ్ళే. "ఇంత రాద్ధాంతం దేనికి?" అన్నాడు, బిడ్డని లాలించినంత మెత్తగా. "ఇక్కడ ఎవరికీ నిప్పంటుకోలేదు. ఆ అమ్మాయి గీలాంగ్‌లో క్షేమంగా ఉంది. ఆమె తల్లి ఇక్కడే ఉంది. మిసెస్ హాకింగ్, మీరే చెప్పండమ్మా."

ఎనిమిదో వరసలో ఒక ఆడమనిషి లేచింది. నల్ల శాలువా కప్పుకుని, బట్టలుతికి ఉతికి ఉబ్బిన చేతులు ముందు కట్టుకుని నిలబడింది. ఆమెకి అటొక కొడుకు, ఇటొక కొడుకు. ఇద్దరూ డార్ట్‌నెల్ గనిలోనే పని. ఇద్దరూ కాళ్ళవైపు చూసుకుంటున్నారు.

"మా పిల్ల..." అని ఆగింది. "మా పిల్ల గీలాంగ్‌లో ఉందండి. బాగానే ఉందండి." అని చటుక్కున కూర్చుంది.

ఇంకేముంది? హాలు విరుచుకుపడింది. "అబద్ధాలకోరు!" "దింపండి దాన్ని!" నారింజ తొక్కలు వచ్చి పడ్డాయి. ఒక పేస్టీ ముక్క టామ్సిన్ భుజానికి తగిలి కిందపడింది. ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు. ఆమె నోరు అలా నొక్కినవాడు మాత్రం బాక్సులో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

టామ్సిన్ కదల్లేదు. గోల తగ్గేదాకా అలాగే నిలబడింది. తగ్గాక మా వైపు తిరిగింది.

"బ్రిజిడక్కా! ఆ డాన్సు పావడా ఒకటి పట్రా."

ఈలోగా తెర చాటుకి తిరిగొచ్చిన ఫెల్‌గేట్ వెనకనుంచి నా జబ్బ పట్టుకున్నాడు. "వెళ్ళావంటే ఇవాళ్టితో సరి," అన్నాడు. వాడి చెయ్యి విదిలించుకుని, చేతికందిన పావడా లాక్కుని, ఇరవై ఏళ్ళలో మొదటిసారి స్టేజీ మీద అడుగుపెట్టాను. అన్ని కళ్ళు ఒక్కసారి మీద పడితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

"ఇది లిజీ కట్టినలాంటిదేనా?" అని అడిగింది టామ్సిన్, అందరికీ వినపడేలా.

"అదే తానులోది."

"పటిక నీళ్ళలో ముంచావా?"

"లేదు." నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "లేదమ్మా. వద్దన్నారు, మానేశాను. తప్పు నాదే."

టామ్సిన్ ఆ పావడాని రెండు చేతులతో పట్టుకుంది. గంజి పెట్టిన బట్ట ఆ పచ్చి అరచేతులకి ఎంత గుచ్చుకుందో. బాక్సువైపు నడిచి ఆగింది.

"మిస్ ఎడిత్," అంది, ఎంతో మర్యాదగా. "మీకు డాన్సంటే ఇష్టం. పోయిన నెల లోపలికొచ్చి మా పిల్లల దగ్గర అడుగులు నేర్చుకున్నారు. ఇక్కడ నిప్పంటుకోలేదని మీ నాన్నగారే చెప్పారు. వలలు లేకపోయినా భయమేమీ లేదన్నమాట. నేను చెప్పింది అబద్ధమని అందరికీ తెలిసేలా, ఇది కట్టుకుని ఈ దీపాల పక్కన ఒక్కసారి గిర్రున తిరుగుతారా? ఒక్కసారి చాలు. మీరు తిరిగారంటే ఈ జనం ముందు మోకాళ్ళ మీద పడి క్షమాపణ అడుగుతాను."

హాలు గొల్లుమంది. "రండమ్మా రండి!" "చిన్నదొరసానికి చప్పట్లు కొట్టండ్రా!" అందరికీ హుషారొచ్చింది. ఎడిత్‌కి ఇరవై ఏళ్ళు. ఏమీ తెలియదు ఆ పిల్లకి. గురువారం ఆటకి రాలేదు కూడా. ఇంతమంది తనని పిలుస్తుంటే బుగ్గలు ఎర్రబడ్డాయి. టోపీ తీసి కుర్చీలో పెట్టింది.

"వెళ్ళనా నాన్నా? ఒక్క నిమిషమే కదా!" అంటూ బాక్సుకీ స్టేజీకీ మధ్యనున్న చిన్న తలుపు తీసి అడుగు బయట పెట్టింది. గౌను అంచు చివరి దీపానికి జానెడు దూరంలో ఉంది.

డార్ట్‌నెల్ దొర కుర్చీ తన్నేసి లేచాడు. కూతురి జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"వెళ్ళకు! అంటుకుంటే నిలువునా కాలిపోతావే! చూశాను నేను, ఆర్పడానికి కూడా టైముండదు!"

ఆ కేక గ్యాలరీ పైకప్పుదాకా వినపడింది. ఆ తరవాత గ్యాస్ దీపాల బుస ఒక్కటే వినిపిస్తోంది. తానేమన్నాడో దొరకి అప్పుడు తెలిసింది. ఎడిత్ తండ్రి మొహంలోకి చూస్తూ, తల పట్టుకుని, "ఎవర్ని చూశావు నాన్నా?" అంది.

గనివాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీసి లేచి నిలబడుతున్నారు. టామ్సిన్ పావడా పట్టుకుని అక్కడే ఉంది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేదు. ఆమె చూపంతా ఎనిమిదో వరస మీదే ఉంది.

అక్కడ మిసెస్ హాకింగ్ బల్ల ఎక్కి నిలబడింది. పెద్ద కొడుకు గౌను పట్టుకుని లాగుతున్నాడు, "అమ్మా, వద్దే, పని పోతుందే," అంటున్నాడు. ఆమె వాడి చెయ్యి తోసేసింది. శాలువా జారి కిందపడినా చూసుకోలేదు.

"దొరగారూ," అంది, బాక్సువైపు తిరిగి. "నోరు మూసుకుంటే ఆదివారంనాడు నా బిడ్డని చూపిస్తానన్నారు. మూసుకున్నాను. ఇవాళ సోమవారం దొరగారూ. నా బిడ్డ ఏదీ?"